ఖాళీ పెట్టె అప్పగింత

ఏలూరు పవర్‌పేటలో కుడుపూడి సోమలింగం లెన్సులు అద్దెకిస్తాడు. కెమెరాలూ, స్టాండ్లూ, గొడుగుల్లాంటి లైట్లూ కూడా ఇస్తాడు గానీ, ఆయన ప్రాణమంతా లెన్సుల మీదే. చుట్టుపక్కల ఏ పెళ్లికూతురి కాటుక ఆల్బంలో మెరిసినా, ఏ పుట్టినరోజు పిల్ల ముక్కు మీద కేకు క్రీము స్పష్టంగా కనపడినా అది సోమలింగం చలవే. ఇంత పేరున్న మనిషికి సొంత పెళ్లి ఫోటో మాత్రం సరైనది ఒక్కటీ లేదు.

ఇరవై అయిదేళ్ల కిందట, మే పద్దెనిమిదో తారీకున, ఆయన పెళ్లికి వచ్చిన ఫోటోగ్రాఫరు లెన్సుకు బూజు పట్టి ఉంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఫోటోగ్రాఫరుకు అసలే తెలియదు. ఆల్బం వచ్చాక చూస్తే మండు వేసవిలో జరిగిన పెళ్లిలో నిండా మంచు కురిసింది. తలంబ్రాలు పోసేది ఎవరో, పోయించుకునేది ఎవరో తేలక రెండు వైపుల అమ్మలూ ఓ పూటంతా వాదించుకున్నారు. పెళ్లికూతురు హైమవతి మాత్రం ఆల్బం మూసి బీరువాలో పెట్టేసి, "పోనీలెండి, మనకి మనం తెలుసు కదా" అంది. తిట్టినా బాగుండేదనుకున్నాడు సోమలింగం. తన తప్పేమీ లేకపోయినా సిగ్గుతో చచ్చిపోయాడు.

ఈ వ్యాపారంలోకి దిగింది ఆ సిగ్గుతోనే. అద్దెకెళ్లిన లెన్సు తిరిగొచ్చిందంటే దాన్ని కెమెరాకి బిగించి, గోడకి అంటించిన దినపత్రికలో చిన్న ప్రకటనల పేజీని ఫోటో తీస్తాడు. నాలుగు మూలల్లోనూ అద్దె ఇళ్ల ప్రకటనలు కూడబలుక్కోకుండా చదవగలిగితేనే బీరువాలో పెడతాడు. లేకపోతే ఆ లెన్సు ఇక గడప దాటదు. పాతికేళ్లుగా ఆయన లెన్సుల్లో ఊళ్లో ఎవరి పెళ్లిలోనూ మంచు కురవలేదు.

హైమవతిని ఓ మంచి ఫోటో తీయాలని ఆయన ప్రతి పెళ్లిరోజుకీ అనుకుంటాడు. కానీ మే నెలంటే ముహూర్తాల నెల. ఆ రోజుకి కొట్లో లెన్సనేది మిగలదు. ఈసారి మాత్రం గట్టిగా ఒట్టు పెట్టుకున్నాడు. "ఇరవై అయిదోది హైమా. ఎనభై అయిదుతో నేనే తీస్తాను. ఆ రోజు దాన్ని దేవుడు దిగొచ్చి అడిగినా ఇవ్వను" అన్నాడు. ఎనభై అయిదు అనేది మనుషుల ముఖాల కోసమే పుట్టిన లెన్సు. అందులో కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. వెనకాల ఉన్నదంతా వేడి అన్నంలో నెయ్యిలా కరిగిపోతుంది. హైమవతి నమ్మీ నమ్మనట్టు నవ్వి, తమలపాకు రంగు చీర తీసి ఇస్త్రీకి ఇచ్చింది.

దేవుడు దిగిరాలేదు. ఫిబ్రవరి నెలాఖరున ప్రభుత్వం వచ్చింది.

ఆ మధ్యనే జిల్లాకి కొత్తగా దృశ్య నిర్ధారణ విభాగం అని ఒకటి పెట్టారు. దాని సిద్ధాంతం చాలా సరళం. ఫోటో లేనిది జరగనట్టే. మొక్క నాటితే ఫోటో, బోరు వేస్తే ఫోటో, ఉద్యోగి సీట్లో కూర్చుంటే ఫోటో, లేచి వెళితే ఖాళీ కుర్చీ ఫోటో. అన్నీ యాప్‌లోకి ఎక్కించాలి. యాప్ ఒప్పుకుంటే పని జరిగినట్టు. గుండుగొలను దగ్గర ఒక పశువుల డాక్టరు అర్ధగంట కష్టపడి గేదెకి పురుడు పోశాడు గానీ, ఆ సమయానికి రెండు చేతులూ ఖాళీ లేక ఫోటో తీయలేదు. దూడ లెక్కలోకి రాలేదు. అది ఇప్పటికీ ఆ ఊళ్లో అనధికారికంగానే గడ్డి మేస్తోంది.

మొదట్లో అందరూ ఫోనుతోనే ఫోటోలు తీసేవారు. ఒకే మరుగుదొడ్డి ఏడు ఊళ్లలో ప్రారంభమైనట్టు ఎవరో కనిపెట్టడంతో పైవాళ్లకి కోపం వచ్చింది. ఇకమీదట ఆమోదం పొందిన ఒకే ఒక్క లెన్సుతో తీసిన ఫోటోలనే యాప్ స్వీకరించాలని హుకుం జారీ చేశారు. పెద్ద కెమెరాలతో ఫోటో తీస్తే ఏ లెన్సుతో తీశారో ఆ నంబరు కూడా ఫోటో కడుపులో దాక్కుని ఉంటుంది. ఆ నంబరు యాప్‌కి నేర్పించారు. అది కనపడకపోతే సాక్షాత్తూ ముఖ్య అధికారి ముఖమైనా సరే యాప్ చెల్లదంటుంది.

విభాగం సూపరింటెండెంటు దండిభట్ల విశ్వమూర్తి గారు స్వయంగా కొట్టుకొచ్చి, ఉన్న లెన్సులన్నిటితోనూ తన ఫోటో తీయించుకుని చూశారు. ఎనభై అయిదు దగ్గర ఆగిపోయారు. "ఇందులో నేను స్పష్టముగా గోచరిస్తున్నాను. వెనక మీ కొట్టు గోచరించుట లేదు. ఇదే ప్రభుత్వమునకు అనువైన లెన్సు" అన్నారు.

ఆయన మాట అక్షరాలా నిజమైంది. రోడ్డు ప్రారంభోత్సవం ఫోటోలో అధికారి ముక్కు మీద చెమటతో సహా కనిపించేవాడు. వెనకాల రోడ్డుందో, గోతులున్నాయో, అసలు ఊరే ఉందో లేదో ఎవరికీ తెలిసేది కాదు. అంతా కమ్మటి మసక. ఆ మసకలో చెరువులు నిండాయి, బడికి పైకప్పు పడింది, నాటిన మొక్కలు అడవులయ్యాయి. పక్క జిల్లాల వాళ్లు వచ్చి చూసి అసూయ పడి వెళ్లారు. మూడు రోజులకని తీసుకెళ్లిన లెన్సు పది వారాలు దాటినా ఆఫీసులోనే ఉండిపోయింది. అద్దె మాత్రం వేళ తప్పకుండా ఇస్తున్నారు. ఆ విషయంలో వాళ్లని ఒక్క మాట అనడానికి లేదు.

మే పదో తారీకున సోమలింగం ఆఫీసుకెళ్లి, "అయ్యా, నా లెన్సు నాకు ఇచ్చేయండి. పద్దెనిమిదికి సొంత పనుంది" అని అడిగాడు.

"సంతోషముగా ఇచ్చెదము" అన్నారు విశ్వమూర్తి గారు. "విభాగమునకు మరియొక లెన్సు మంజూరైనది కూడా. దాని నంబరు యాప్‌లో చేర్చవలెనన్న పాత లెన్సు తిరిగి అప్పగించినట్టు ముందుగా నమోదు కావలె. అప్పగింత ఫోటో ఒకటి తీసి యాప్‌లో ఎక్కించినచో తక్షణము లెన్సు మీది."

"తీయండి మరి."

"దేనితో?"

సోమలింగానికి అప్పుడు తట్టింది. అప్పగింత ఫోటో ఆమోదం పొందిన లెన్సుతోనే తీయాలి. ఆమోదం పొందింది ఆ లెన్సొక్కటే. అది తనని తను ఎలా తీసుకుంటుంది?

"అదే సమస్య" అన్నారు విశ్వమూర్తి గారు, చాలా కాలానికి తనని అర్థం చేసుకున్న మనిషి దొరికినట్టు. "ఈ అంశముపై నేను పది రోజులుగా నిద్రాహారములు మాని ఆలోచిస్తున్నాను."

"ఆలోచించడం దేనికండీ? అక్కడ బల్ల మీదే ఉంది కదా. నేను తీసుకుపోతాను."

"ఫోటో లేకుండా తీసుకుపోయినచో తీసుకుపోనట్టే. మీ ఇంట ఉన్నను అది మా వద్దనే ఉన్నట్టు. అప్పుడు దానిని మీరు మా వద్ద నుండి దొంగిలించినట్టు."

ఆఫీసు అటెండరు ఏసుపాదం రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. కెమెరా పట్టుకోవడం ఆయన ఉద్యోగ ధర్మాల్లో లేకపోయినా, ఆఫీసులో ఎవరికీ చేతకాక ఆయన మెడలోనే వేశారు. పది వారాల్లో చెయ్యి తిరిగిపోయింది. "అద్దం పెడితే సరిపోద్ది కదండి" అన్నాడు ఆయన, గుమ్మంలోంచి.

మర్నాడు నిలువుటద్దం తెప్పించారు. దాని ముందు విశ్వమూర్తి గారూ, సోమలింగమూ నిలబడి, కెమెరాని చెరో పక్కా పట్టుకున్నారు. అద్దంలో లెన్సు నిండుగా కనిపించింది. ఏసుపాదం వెనక నుంచి చెయ్యి చాపి మీట నొక్కాడు. యాప్ కూడా లెన్సు నంబరు గుర్తుపట్టి, ఎక్కించమంటారా అని అడిగింది. సోమలింగం చంకలు గుద్దుకోబోయాడు.

విశ్వమూర్తి గారు ఫోటోని కంప్యూటర్లో పెద్దది చేసి, కళ్లజోడు పైకి తోసి చూసి, నిట్టూర్చారు. "అద్దములో కుడి ఎడమలు మారినవి. ప్రభుత్వము ఎడమ చేత్తో ఇచ్చుచున్నట్టు రికార్డుకెక్కును. ఇది ప్రజలలోకి ఏ సంకేతము పంపును?"

"ఎవరు చూస్తారండీ అది?"

"అంతకంటే ముఖ్యమైన అభ్యంతరమున్నది. ఈ ఫోటోలో లెన్సు ఫోటో తీయుచున్నది. వాడుకలో ఉన్న వస్తువు అప్పగింతలో ఉండజాలదు."

అద్దం మాత్రం ఆఫీసులోనే ఉంచేసుకున్నారు. దాని ముందు తల దువ్వుకోడానికి సిబ్బంది అంతా వంతులు వేసుకున్నారు.

సోమలింగానికి ఒళ్లు మండింది. అయినా ఓపిక పట్టి, మూడో రోజు కొట్లోంచి ఇంకో లెన్సు, యాభైది, సంచిలో వేసుకుని వెళ్లాడు. "ఇదిగోనండి, దీంతో దాని ఫోటో తీసేయండి. మీరు నంబర్లు చేర్చే వాళ్లే కదా, దీని నంబరు కూడా ఓ పక్కన చేర్చండి. నా పీడా మీ పీడా వదిలిపోద్ది."

విశ్వమూర్తి గారి ముఖం వికసించింది. "పాతది నడుస్తుండగా చేర్చుటకు వీలున్నది ఒక్క సహాయక లెన్సునకు మాత్రమే. ఇదీ చక్కని సూచనయే. దీనిని సహాయక లెన్సుగా అద్దెకు తీసుకుని, దీనితో మొదటి దానిని అప్పగించెదము. తదుపరి దీనిని అప్పగించుటకు మీరు మూడవది తెచ్చెదరు. దానికి నాలుగవది. ఈ క్రమములో ఎప్పుడు చూచినను మా వద్ద మీ లెన్సు ఒక్కటే నిలువ ఉండును. అది చిన్నదైనచో మీకు నష్టము స్వల్పము."

"ఎప్పటిదాకా సార్?"

"ప్రభుత్వము శాశ్వతము కదా" అన్నారాయన వినయంగా.

సోమలింగం యాభైని పొట్టకి అదుముకుని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా మెట్లు దిగి వచ్చేశాడు. ఆ రాత్రి అన్నం దగ్గర హైమవతికి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ వినీ వినీ, "ఫోన్లో తీసేయండి. చీర కట్టుకుంటాను, గుమ్మంలో నిలబడతాను. ఫోన్లో మాత్రం పడనా ఏంటి?" అంది.

"పాతికేళ్లు ఊరందరికీ లెన్సులిచ్చి, నిన్ను ఫోన్లో తీయమంటావా?" అన్నాడు సోమలింగం. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

ఇంతలో విశ్వమూర్తి గారు ఊరుకోలేదు. పైఆఫీసుకి పద్నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పదిహేడో తారీకు సాయంత్రానికి జవాబొచ్చింది. ఏసుపాదం దాని నకలు పట్టుకుని కొట్టుకొచ్చి, సోమలింగం చేతిలో పెట్టాడు.

"పై విషయము పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, అప్పగింత ఫోటోలో వస్తువు కనిపించవలెనని నిబంధనలలో ఎచ్చటను లేదు. ఇచ్చువారు, పుచ్చుకొనువారు, పుచ్చుకొనువారి కుటుంబ సభ్యులలో ఒకరు సాక్షిగా కనిపించవలెను. వస్తువు యొక్క పెట్టె కనిపించిన చాలును. పెట్టెలో ఏమున్నదో ఫోటోకు తెలియజాలదు."

"అంటే?" అన్నాడు సోమలింగం.

"లెన్సుతో ఫోటో తీత్తాం. ఖాళీ పెట్టె మీ చేతిలో పెడతాం. రేపు పదకొండింటికి అమ్మగార్ని కూడా తీసుకురండి" అన్నాడు ఏసుపాదం.

రేపంటే పద్దెనిమిది.

పెళ్లిరోజున హైమవతి తమలపాకు రంగు చీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని, దృశ్య నిర్ధారణ విభాగానికి వెళ్లింది. ఆఫీసు హాల్లో గోడకి జిల్లా పటం వేలాడుతోంది. దాని ముందు ముగ్గురినీ నిలబెట్టారు. విశ్వమూర్తి గారు లేత గులాబి సిల్కు లాల్చీ వేసుకొచ్చారు. పెట్టె మూత తీసి లోపల ఖాళీగా ఉందని అందరికీ చూపించి, మళ్లీ మూసి, సోమలింగం చేతుల్లో పెట్టారు.

ఏసుపాదం కెమెరాలోంచి చూసి తల అడ్డంగా ఊపాడు. "పెట్టె తేలిపోతోందండి. లోపలేం లేదని తెలిసిపోతోంది."

"సోమలింగం గారూ, బరువుగా పట్టుకొనవలె" అన్నారు విశ్వమూర్తి గారు. "ఇంకను బరువుగా. మోచేతులు కొంచెము వణకవలె. అమ్మా, తమరును ఒక చెయ్యి వేయుడు. మోయలేకున్నట్టు. ఇది ప్రభుత్వ అప్పగింత. తేలికగా ఉండరాదు."

సోమలింగం ఖాళీ పెట్టెని గంగాళం ఎత్తినట్టు ఎత్తి, పళ్లు బిగబట్టాడు. నుదుటి మీద నిజంగానే చెమట పట్టింది. హైమవతి పెట్టె కింద చెయ్యి పెట్టి, మొగుడి ముఖంలోకి చూసింది. పాతికేళ్లలో ఆవిడ ఆయన్ని కోపంలో చూసింది, దిగులులో చూసింది, జ్వరంలో చూసింది. గాలిని మోస్తూ చూడటం ఇదే మొదలు. ముందు పెదవి కొరుక్కుంది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత ఇక ఆగలేదు. తల వెనక్కి వాల్చి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వేసింది. ఆవిణ్ణి చూసి సోమలింగమూ నవ్వాడు. ఏసుపాదం సరిగ్గా అప్పుడే మీట నొక్కాడు.

ఫోటో కంప్యూటర్లోకి వచ్చింది. సోమలింగం చూసి, కళ్లు తిప్పుకోలేకపోయాడు. ఎన్ని వేల పెళ్లిళ్లకి లెన్సులిచ్చాడో, ఇలాంటి ఫోటో ఎక్కడా చూడలేదు. హైమవతి ముక్కుపుడక, కంటి కొసన నిలిచిన నీటిచుక్క, జారిన మల్లె రేకు, అన్నీ ఉన్నాయి. పెట్టె అంచు మీద ఆవిడ వేళ్లు. ఆ పక్కన నవ్వుతున్న తను. విశ్వమూర్తి గారు మాత్రం అర అడుగు వెనకాల నిలబడటం వల్ల కరిగి, జిల్లా పటంలో కలిసిపోయారు. ఏలూరు కాలవ పక్కన ఓ లేత గులాబి మసకలా కనపడుతున్నారు.

"నేనెక్కడ?" అన్నారాయన. ఏసుపాదం అప్పటికే ఎక్కించేయడంతో, రెండోది తీద్దామనేలోపే యాప్ టింగుమని ఆమోదించేసింది. ఒకసారి ఆమోదించినది మార్చడానికి వీల్లేదు. ఆయన ఒక్క క్షణం బాధపడ్డారు, మళ్లీ తేరుకున్నారు. "ప్రభుత్వము కనిపించకుండా సేవ చేయవలె" అన్నారు.

"బావుందండీ" అంది హైమవతి, తెర వైపే చూస్తూ. "మాకో కాపీ ఇప్పించండి."

"అమ్మా, ఇది ప్రభుత్వ రికార్డు. ప్రైవేటు వ్యక్తులకు ఇచ్చుటకు వీలుపడదు."

"అందులో ఉన్నది మేమే కదండీ."

"ఉన్నది మీరే. ఫోటో ప్రభుత్వముది."

సోమలింగం గట్టిగా ఊపిరి పీల్చుకుని, "సరే, లెన్సయినా ఇవ్వండి" అన్నాడు.

"ఇచ్చితిమి కదా" అన్నారు విశ్వమూర్తి గారు, తెర మీది ఫోటో చూపిస్తూ.

"అది ఇంకా ఏసుపాదం గారి మెడలో కెమెరాకే ఉంది కదండీ!"

"ఉండజాలదు. పదకొండు గంటల పదహారు నిమిషములకు మీకు అప్పగించినాము. అప్పగించిన దానిని మరల అప్పగించినచో రెండు లెన్సులు ఇచ్చినట్టగును. రెండవది ఎక్కడిదని ఆడిటు వారు అడిగెదరు."

ఆలుమగలిద్దరూ ఖాళీ పెట్టె పట్టుకుని ఆటోలో ఇంటికొచ్చారు. రైల్వే గేటు దగ్గర ఆటో ఆగినప్పుడు హైమవతి పెట్టె వైపు చూసి, మళ్లీ ఒకసారి కిసుక్కుమంది.

మూడో రోజు మధ్యాహ్నం ఏసుపాదం టిఫిను క్యారేజీ సంచితో కొట్లోకొచ్చి, అందులోంచి తువ్వాల్లో చుట్టిన ఎనభై అయిదుని తీసి బల్ల మీద పెట్టాడు.

"గేటు దగ్గర ఆపలేదా?" అన్నాడు సోమలింగం.

"ఏంటి తీసుకెళ్తన్నావని అడిగాడండి వాచ్‌మేను. లెన్సన్నాను. జాబితా చూసుకున్నాడు. ఆపీసులో లెన్సే లేదు పొమ్మన్నాడు" అని, ఏసుపాదం మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

సోమలింగం అలవాటు ప్రకారం చిన్న ప్రకటనల పేజీని ఫోటో తీశాడు. నాలుగు మూలలూ స్పష్టంగా ఉన్నాయి. వెంటనే ఇంటికెళ్లి హైమవతికి అదే చీర కట్టించి, కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. నలభై ఫోటోలు తీశాడు. అన్నిట్లోనూ ఆవిడ రేషన్ కార్డుకి దిగినట్టు దిగింది. నవ్వమంటే పళ్లు చూపించింది. "అది రాదు లెండి" అని ఆవిడే లేచిపోయింది. "ఆ వేళ మీరు గాలి మోశారు గనక వచ్చింది."

ఆ ఫోటో కోసం సోమలింగం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాడు. జీవితంలో దేనికోసమూ ఇంత పట్టుదలగా తిరగలేదు. ముందు ఆధారం అడిగారు, తర్వాత కారణం అడిగారు, చివరికి ఫోటోలో ఉన్నది తమరేనని నిరూపించడానికి ఒక ఫోటో అడిగారు. ముప్ఫయ్యో రోజున ఖాకీ కవరొచ్చింది. గుమ్మంలోనే నిలబడి చించాడు.

"మీరు కోరిన సమాచారము ఒక పేజీలో జతపరచడమైనది" అని ఉంది. జతపరిచింది జిరాక్సు. అందులో ఆలుమగలిద్దరూ నల్లగా, రెండు బొగ్గు బస్తాల్లా ఉన్నారు. హైమవతి ముఖం మీద 'అసలుకు నిజమైన నకలు' అని గుండ్రటి ముద్ర కొట్టి ఉంది. కాగితం మొత్తంలో స్పష్టంగా పడింది ఖాళీ పెట్టె ఒక్కటే.

సోమలింగం గుమ్మంలోనే కూలబడ్డాడు. పాతికేళ్ల కిందటి సిగ్గు మళ్లీ వచ్చి పీక పట్టుకుంది. హైమవతి ఆ కాగితం తీసుకుని, వెలుతురుకి పట్టి, చాలాసేపు చూసింది. ముద్ర కిందుగా నల్లటి చోట వేలు పెట్టింది.

"ఇదిగో, ఇక్కడ నేను నవ్వుతున్నాను" అంది. వేలు కొంచెం జరిపి, "ఇక్కడ మీరు" అంది.

"నీకేం కనపడుతోంది అందులో?"

"కనపడ్డం దేనికండీ, నవ్వింది మనమేగా."

ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి, కొట్లో బల్ల ఎదురుగా గోడకి తగిలించాడు సోమలింగం. లెన్సుల కోసం వచ్చిన ఫోటోగ్రాఫర్లు దాన్ని చూసి, ఇది ఏ లెన్సుతో తీశారని అడుగుతారు. ఆయన అబద్ధమాడడు. ఎనభై అయిదు అంటాడు. వాళ్లు ఇంకోసారి ఆ బొగ్గు బస్తాల వైపు చూసి, మాకు వేరేది ఇవ్వండి అంటారు.

అందుచేత ఆ లెన్సుని ఇప్పుడు అద్దెకి అడిగేవాళ్లు లేరు. సోమలింగం దాన్ని ఇంటికి తీసుకెళ్లి, కెమెరాకి బిగించి, వంటింటి గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టుకున్నాడు. హైమవతి ఎప్పుడు నవ్వుతుందా అని చూస్తున్నాడు.